ఊపిరితిత్తుల పూతలో కొలెస్ట్రాల్

ఊపిరితిత్తుల చివర గాలి నిండే సూక్ష్మమైన అరలను వాయుగోణులు అంటారు. ఒక మనిషిలో ఇవి సగటున 48 కోట్ల దాకా ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఐదోవంతు. వీటి లోపలి గోడను పలుచని నీటి పొర తడుపుతూ ఉంటుంది, ఆ నీటి మీద మరీ పలుచని కొవ్వు పూత పరుచుకుని ఉంటుంది. ఈ పూతే సర్ఫాక్టెంట్. దీని బరువులో పదింట దాదాపు తొమ్మిది వంతులు కొవ్వులు, మిగిలిన వంతు ఎస్‌పీ-ఎ, ఎస్‌పీ-బి, ఎస్‌పీ-సి, ఎస్‌పీ-డి అనే నాలుగు ప్రోటీన్లు. కొవ్వుల్లో సింహభాగం ఫాస్ఫోలిపిడ్లది, వాటిలో ముఖ్యమైనది డీపీపీసీ. ఆ తర్వాత చెప్పుకోదగ్గ కొవ్వు కొలెస్ట్రాల్. మామూలుగా ఇది బరువులో 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. కొలెస్ట్రాల్ అనగానే గుండెపోటు, రక్తపరీక్ష కాగితం గుర్తుకొస్తాయి కాబట్టి, ఊపిరితిత్తుల్లోనూ అది అడ్డుపడే మలినమే అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. యాభై ఏళ్లకు పైగా పోగైన ఆధారాలు అలా చెప్పడం లేదు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిలో కొలెస్ట్రాల్ పూతకు పనికొచ్చే దినుసే. దాని పాళ్లు తప్పినప్పుడు, లేదా చుట్టూ ఉన్న ఫాస్ఫోలిపిడ్లు పొగకూ గాయానికీ చెడిపోయినప్పుడు మాత్రమే అదే దినుసు పూతను పాడుచేస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి బీడీల, సాంచల (మరమగ్గాల) ఊళ్లకు ఈ తేడా తెలియడం చాలా అవసరం.

పూత ఎందుకు కావాలో ముందు చూడాలి. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. గాలికి తగిలే చోట ఈ లాగుడు నీటి ముఖాన్ని కుదించాలని చూస్తుంది, దాన్నే తలతన్యత అంటారు. శరీర ఉష్ణోగ్రత దగ్గర శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 70 మిల్లీన్యూటన్లు. మిల్లీమీటరులో పదోవంతు వ్యాసార్ధం ఉన్న వాయుగోణిలో నీరొక్కటే ఉంటే, అది ముడుచుకుపోకుండా ఆపడానికి 14 సెంటీమీటర్ల నీటి మట్టంతో సమానమైన ఒత్తిడి కావాలి. వ్యాసార్ధం సగమైతే 28 సెంటీమీటర్లు కావాలి. అంటే ఊపిరి వదిలేకొద్దీ అర చిన్నదవుతుంది, చిన్నదయ్యేకొద్దీ తెరవడం మరింత కష్టమవుతుంది. సర్ఫాక్టెంట్ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. మామూలు స్థితిలోనే తలతన్యతను 23 దగ్గరికి దించుతుంది, ఊపిరి వదిలి పూత నొక్కుకుపోయినప్పుడు దాదాపు సున్నాకు తెస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలికి బదులు ద్రవం నింపితే అవి చాలా సులువుగా తెరుచుకుంటాయని 1929లో కర్ట్ వాన్ నీర్‌గార్డ్ చూపించాడు. ఆ మాటను పట్టించుకోవడానికి పాతికేళ్లు పట్టింది. 1955లో రిచర్డ్ ప్యాటిల్ ఊపిరితిత్తుల నురగ బుడగలు ఎంతకీ పగలకపోవడం గమనించాడు, 1957లో జాన్ క్లెమెంట్స్ తలతన్యతను నేరుగా కొలిచాడు. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెర్ మీడ్ కలిసి, నెలలు నిండకుండా పుట్టి ఊపిరాడక చనిపోయిన శిశువుల్లో ఈ పదార్థం చాలలేదని తేల్చారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ పుట్టిన రెండో రోజే ఈ జబ్బుతో పోయాడు. అప్పటికి కారణం తెలిసింది గానీ మందు లేదు.

తలతన్యతను సున్నాకు తేగల సత్తా డీపీపీసీది. దాని రెండు కొవ్వు తోకలూ వంకర లేకుండా నిటారుగా ఉంటాయి కాబట్టి అణువులు పక్కపక్కనే ఒత్తుగా పేర్చుకుని గట్టి పలకలా నిలుస్తాయి. చిక్కు కూడా అక్కడే వస్తుంది. డీపీపీసీ కరిగి పారే ఉష్ణోగ్రత 41 డిగ్రీలు, శరీరం 37 దగ్గర ఉంటుంది. అంటే ఒంట్లో అది గట్టిగానే ఉంటుంది. నొక్కితే బ్రహ్మాండంగా నిలుస్తుంది, కానీ తనను తయారుచేసే కణం నుంచి బయటపడి నీటి ముఖం మీదికి గబగబా పాకలేదు. ఊపిరి పీల్చినప్పుడు అర విప్పారితే తిరిగి పరుచుకోవడమూ దానికి ఆలస్యమే. నిమిషానికి పదిహేను సార్లు తెరుచుకుని మూసుకునే అరలో ఆ ఆలస్యం కుదరదు. (మే నెలలో జగిత్యాలలో ఎండ 45 డిగ్రీలు దాటినా ఈ పూత దానంతటదే కరిగిపోదు. గాలి ముక్కు, గొంతు, శ్వాసనాళాలు దాటేసరికి శరీర ఉష్ణోగ్రతకు వచ్చేస్తుంది.) డీపీపీసీ చేసే ఆ ఆలస్యం దగ్గరే కొలెస్ట్రాల్ అక్కరకొస్తుంది. గట్టి వలయాలున్న దాని చిన్న అణువు ఫాస్ఫోలిపిడ్ తోకల మధ్య దూరి, మరీ ఒత్తుగా పేరుకున్న చోట కాస్త సడలిస్తుంది, మరీ వదులుగా ఉన్నచోట కాస్త బిగిస్తుంది. 2004లో స్పెయిన్, డెన్మార్క్ శాస్త్రవేత్తలు పంది ఊపిరితిత్తుల నుంచి తీసిన సహజ పూతను శరీర ఉష్ణోగ్రత దగ్గర సూక్ష్మదర్శినిలో చూశారు. అందులో క్రమంగా అమరినా పారగల భాగాలూ, పూర్తిగా వదులైన భాగాలూ రెండూ పక్కపక్కనే కనిపించాయి. కొలెస్ట్రాల్ తీసేయగానే ఆ అమరిక చెదిరిపోయింది. కణ పొరల్లో కొలెస్ట్రాల్ ఎంత పని చేస్తుందో హైదరాబాద్‌లోని సీసీఎంబీలో అమితాభ చట్టోపాధ్యాయ బృందం నాడీకణాల సెరోటోనిన్ గ్రాహకాల మీద ఏళ్ల తరబడి చూపిస్తూ వచ్చింది. అవయవం వేరు కావచ్చు, ఆ పని వెనక ఉన్న భౌతికశాస్త్రం మాత్రం ఒక్కటే.

ఎక్కువైతే ఏమవుతుందో సిరిసిల్ల వాళ్లకు నూలు పోగుతో చెప్పవచ్చు. సైజింగులో గంజి తక్కువ పడితే పోగు నూగు లేచి తెగుతుంది, ఎక్కువ పడితే పెళుసెక్కి సాంచ మీద విరుగుతుంది. నేత సాగేది ఆ రెంటి మధ్యనే. సర్ఫాక్టెంట్‌లో కొలెస్ట్రాల్ కూడా అంతే. 2007లో కెనడాలోని కాల్గరీ పరిశోధకులు ఆవు ఊపిరితిత్తుల సర్ఫాక్టెంట్‌కు 20 శాతం కొలెస్ట్రాల్ కలిపి పరీక్షించారు. మామూలు పూత నొక్కుకుపోతున్నప్పుడు అదనపు కొవ్వు దొంతరలుగా పేరుకుని, తిరిగి విప్పారేటప్పుడు వాడుకోవడానికి నిల్వగా ఉంటుంది. ఎస్‌పీ-బి, ఎస్‌పీ-సి ప్రోటీన్లు ఈ దొంతరలను పూతకు అతికించి ఉంచుతాయి. కొలెస్ట్రాల్ మితిమీరిన పూతలో ఆ దొంతరలు సరిగా ఏర్పడలేదు, తలతన్యత సున్నా దరిదాపులకు దిగలేదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ పూత మధ్యలోనే చేతులెత్తేసినట్టు లెక్క. ఎస్‌పీ-సి ఉంటే కొలెస్ట్రాల్ చేసే చెరుపు తగ్గుతుందని 2009లో స్పెయిన్‌లోని పెరెజ్-గిల్ బృందం చూపింది. ఇది చిన్న విషయం కాదు. పూత ఎంత కొలెస్ట్రాల్‌ను తట్టుకుంటుందనే హద్దు కొలెస్ట్రాల్ ఒక్కదాన్ని బట్టి ఉండదని దీంతో తెలిసింది. ప్రోటీన్లు తగ్గితే, నిన్నటిదాకా సరిపోయిన పాళ్లే నేడు మితిమీరినవి కావచ్చు.

కొలెస్ట్రాల్ పూతకు పనికొచ్చేదే అనడానికి అందమైన సాక్ష్యం జంతువుల నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో క్రిస్టఫర్ డేనియల్స్, శాండ్రా ఓర్గెయిగ్ బృందం శరీర ఉష్ణోగ్రత మారుతూ ఉండే జీవులను పరీక్షించింది. తోక లావుగా ఉండే డన్నార్ట్ అనే ఎలుకంత సంచిజీవి చలికి జడత్వంలోకి జారుకుని ఒళ్లు చల్లబరుచుకుంటుంది. అలా జారిన కొన్ని గంటల్లోనే దాని సర్ఫాక్టెంట్‌లో ఫాస్ఫోలిపిడ్లతో పోలిస్తే కొలెస్ట్రాల్ పాలు పెరిగింది. కొన్ని బల్లి జాతుల్లోనూ ఇదే కనిపించింది. ఒళ్లు చల్లబడితే డీపీపీసీ మరింత గట్టిపడుతుంది, దాన్ని సడలించడానికి కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. గబ్బిలాల్లో కొన్ని జాతులు జడత్వంలోకి వెళ్లినా ఈ దారి పట్టలేదు కదా అని. నిజమే, కొలెస్ట్రాల్ ఒక్కటే ఆధారం కాదు, మరికొన్ని జీవులు ఇతర కొవ్వుల మార్పుతో నెట్టుకొస్తాయి. అయినా డన్నార్ట్ సాక్ష్యం బలం తగ్గదు. మలినమే అయితే, జంతువు అవసరం పడినప్పుడు గంటల వ్యవధిలో దాన్ని కావాలని పెంచుకోదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఆసుపత్రుల నుంచి వస్తుంది. 1980లో జపాన్‌లో తెత్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి చేసిన సర్ఫాక్టెంట్‌ను పది మంది శిశువుల శ్వాసనాళంలో పోసి బతికించే దారి చూపాడు. ఆ దారిలో వచ్చిన మందుల్లో చాలావాటి తయారీలో కొలెస్ట్రాల్ తీసేస్తారు. పంది ఊపిరితిత్తుల నుంచి వచ్చే క్యూరోసర్ఫ్‌లో అది దాదాపు ఉండదు. సర్వాంటాలో అతి తక్కువ. అయినా ఇవి పనిచేస్తాయి, లక్షల మంది పిల్లలను బతికించాయి. మరి కొలెస్ట్రాల్ అక్కర లేదనేగా? ఈ వాదన పైకి కనిపించినంత బలమైనది కాదు. మొదటిది, దూడ ఊపిరితిత్తుల నుంచి తీసే ఇన్‌ఫాసర్ఫ్‌లో కొలెస్ట్రాల్ అలాగే ఉంటుంది, అదీ బాగానే పనిచేస్తుంది. రెండోది, కిలో బరువున్న శిశువుకు పోసే 100 నుంచి 200 మిల్లీగ్రాముల మందు అక్కడే ఒంటరిగా ఉండిపోదు. శిశువు సొంతంగా తయారుచేసే కొంచెం పూతతో, రక్తం నుంచి వచ్చే కొలెస్ట్రాల్‌తో కలుస్తుంది, సర్ఫాక్టెంట్‌ను తయారుచేసే రెండో రకం కణాలు దాన్ని లోపలికి లాక్కుని కలిపి తిరిగి వదులుతాయి. మూడోది, గాయపడ్డ ఊపిరితిత్తిలోకి కొలెస్ట్రాల్ ఎలాగూ కారి వస్తుంది కాబట్టి, తక్కువతో మొదలైన మందుకు తట్టుకునే జాగా మిగులుతుంది. మందులో లేకపోవడం కొలెస్ట్రాల్ దోషమని కాదు, అత్యవసర వేళకు అది తెలివైన ఏర్పాటు అనే నేను అర్థం చేసుకుంటున్నాను.

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతంలో ఈ విషయం అత్యవసరంగా ఎదురయ్యేది నెలలు నిండని పిల్లల దగ్గరే. సర్ఫాక్టెంట్ గర్భంలో సుమారు 24 వారాలకు మొదలై 34, 35 వారాలకు గానీ సరిపడా పోగవదు. కోరుట్లలో ఏడో నెలలోనే నొప్పులు మొదలైన తల్లి జగిత్యాలకో, అక్కడి నుంచి కరీంనగర్‌కో బయలుదేరేలోపు ఆమెకు పడే డెక్సామెథసోన్ సూది, సర్ఫాక్టెంట్ సీసా కంటే ముందుగా శిశువుకు చేరే మందు. గర్భంలోని బిడ్డ ఊపిరితిత్తుల కణాలను స్టెరాయిడ్ తొందరపెట్టి పూత తయారు చేయిస్తుందని న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లో నిరూపించారు. 12 గంటలకొకటి చొప్పున నాలుగు మోతాదులు ఇవ్వాలని భారత ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది, మొదటి మోతాదు ఏఎన్‌ఎం కూడా వేయవచ్చు. ఈ సూదితో బిడ్డ కణాలే సొంత పూతను, అందులోని పాళ్లనూ తయారు చేసుకుంటాయి. పోసిన మందుకు ఆ పని చేతకాదు.

ఇక రోజూ వినబడే ప్రశ్న: కొవ్వు తింటే ఊపిరితిత్తుల పూత చెడుతుందా? ప్రశ్న వచ్చింది ఊరికే కాదు. సర్ఫాక్టెంట్‌లోని ఫాస్ఫోలిపిడ్లను ఊపిరితిత్తుల కణాలే తయారు చేసుకుంటాయి, కానీ కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం రక్తంలోని లైపోప్రోటీన్ల నుంచే తీసుకుంటాయని ఎలుకల ఊపిరితిత్తుల మీద 1970ల చివర్లోనే తేలింది. 2008లో చిట్టెలుకలకు కొలెస్ట్రాల్ ఎక్కువున్న తిండి పెట్టిన ప్రయోగంలో వాటి సర్ఫాక్టెంట్ పనితనం తగ్గింది. ఇంతవరకే చదివితే గుడ్డు సొనకూ వేట మాంసానికీ దండం పెట్టాలి. కానీ తర్వాత పెద్ద ఎలుకల మీద చేసిన పనిలో రక్తంలో కొలెస్ట్రాల్ బాగా పెరిగినా సర్ఫాక్టెంట్ మీద ఆ ప్రభావం పడలేదు. రెంటినీ కలిపి చూస్తే అర్థమయ్యేది ఒకటే: ఆరోగ్యంగా ఉన్న కణం రక్తంలో ఎంతుంటే అంత లోపలికి రానివ్వదు, కొలిచి తీసుకుంటుంది, మిగిలితే బయటికి పంపుతుంది. ఆ పంపించే పనిలో ఏబీసీజీ1 అనే ప్రోటీన్ ముఖ్యం. అది లేని చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో కొవ్వు పేరుకుపోతుంది. కాబట్టి ఊపిరాడని మనిషికి ముందుగా తిండి కట్టడి చెప్పడం సరైన చోట వైద్యం కాదు. గుండె, రక్తనాళాల లెక్క వేరు, అక్కడ కొలెస్ట్రాల్ తగ్గించుకోవాల్సిందే.

అయితే ఆ పాళ్లు చెదిరేది ఎక్కడ? ఈ ఊళ్లకు నేరుగా తగిలే మాట ఇదే. గాయపడ్డ ఊపిరితిత్తిలో రక్తనాళాల గోడలు వదులై ప్లాస్మా వాయుగోణుల్లోకి కారుతుంది. దాంతోపాటు ఆల్బుమిన్, ఫైబ్రినోజెన్, కొలెస్ట్రాల్‌ను మోసే లైపోప్రోటీన్లు వస్తాయి. 2010లో ఎలుకలను ప్రతి శ్వాసకూ ఎక్కువ గాలి నింపుతూ వెంటిలేటర్ మీద ఉంచిన ప్రయోగంలో సర్ఫాక్టెంట్ పని చెడింది. ఆ పూత నుంచి సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర జాతి పదార్థంతో కొలెస్ట్రాల్‌ను లాగేస్తే పని తిరిగొచ్చింది. అంతకంటే ఆలోచింపజేసేది 2018 నాటి కాల్గరీ ఫలితం. ఆక్సీకరణతో చెడిన ఫాస్ఫోలిపిడ్లు పూతను పాడుచేయాలంటే మామూలు పాళ్లలోనైనా కొలెస్ట్రాల్ అక్కడ ఉండాలి. కొలెస్ట్రాల్ తీసేస్తే చెడిన ఫాస్ఫోలిపిడ్లున్నా పూత నిలబడింది. అంటే కొలెస్ట్రాల్ గ్రాము పెరగకుండానే, చుట్టూ ఉన్నవి ఆక్సీకరణకు గురైతే చాలు, మంచి దినుసే చెడ్డదైపోతుంది. ఆ ఆక్సీకరణను ఊపిరితిత్తి లోతుల్లోకి మోసుకెళ్లే వాటిలో ముందు వరుసలోది పొగాకు పొగ. పొగ తాగేవారి ఊపిరితిత్తులు కడిగిన ద్రవంలో సర్ఫాక్టెంట్ కొవ్వులు తక్కువగా ఉన్నాయని 1972లోనే ఫిన్లే, లాడ్‌మన్ ప్రచురించారు. పొగ ఒక పక్క ఫాస్ఫోలిపిడ్లను తగ్గిస్తుంది, మరో పక్క మిగిలినవాటిని చెడగొడుతుంది. రెండు వైపుల నుంచీ పాళ్లు కొలెస్ట్రాల్ వైపే మొగ్గుతాయి.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కొలతకు కోసి, చిటికెడు తంబాకు వేసి చుట్టి, దారం కట్టి బీడీలు కట్టలు కడతారు. అక్కడ పొగ ఉండదు, ఉండేది తంబాకు దుమ్ము. దాంట్లో పెద్ద రేణువులు ముక్కులో, శ్వాసనాళాల్లో ఆగిపోయి దగ్గు, తుమ్ములు తెస్తాయి, నికోటిన్ చేతుల చర్మం గుండానే ఒంట్లో చేరుతుంది. ఆ దుమ్ము హాని నిజమే, కానీ వాయుగోణుల పూతను నేరుగా చెరిపేది ఆ బీడీని వెలిగించి పీల్చినప్పుడు వచ్చే పొగ. తునికాకు సిగరెట్ కాగితంలా గాలి పోనివ్వదు, ఊరికే ఆరిపోతుంది. అందుకే మాటిమాటికీ, గట్టిగా పీల్చాలి. తంబాకు తక్కువే అయినా బీడీ ఇచ్చే కార్బన్ మోనాక్సైడ్, నికోటిన్, తారు సిగరెట్ కంటే తక్కువ కాదు, ఎక్కువే. బీడీ చిన్నది కాబట్టి హానీ చిన్నదే అన్న నమ్మకాన్ని బద్దలు కొట్టాలి. సిరిసిల్ల సాంచల షెడ్డులో గాలిలో లేచే నూగు సంగతి వేరు. పత్తి నూగు ముఖ్యంగా శ్వాసనాళాలను బిగించే జబ్బు తెస్తుంది, వారంలో మొదటి పనిరోజున ఛాతీ పట్టేయడం దాని గుర్తు. అది సర్ఫాక్టెంట్ జబ్బు కాదు. దానికీ దీనికీ ఒకే పేరు పెట్టి దమ్ము అనేస్తే చికిత్స తప్పుతుంది. కానీ పన్నెండు గంటల షిఫ్టులో నూగు పీల్చే మనిషి మధ్యమధ్యలో బీడీ కూడా తాగితే, పైనాళాలకూ అడుగు అరలకూ ఒకేసారి దెబ్బ తగులుతుంది. ఇంట్లో కట్టెల పొయ్యి పొగలో కూర్చునే ఆడవాళ్లకు, బీడీ ముట్టకపోయినా, సన్నటి రేణువులు అదే అడుగుకు చేరతాయి.

కొలెస్ట్రాల్ నేరుగా ప్రధాన పాత్రధారి అయ్యే జబ్బు ఒకటుంది, అరుదైనదే. పల్మనరీ ఆల్వియోలార్ ప్రోటీనోసిస్ అనే దాన్ని 1958లో రోజెన్, ఆయన సహచరులు వర్ణించారు. వాడేసిన సర్ఫాక్టెంట్‌ను తినేసే మాక్రోఫేజ్ కణాలకు జీఎం-సీఎస్‌ఎఫ్ అనే సంకేతం అందకపోతే వాయుగోణులు పాతపూతతో నిండిపోతాయి. చాలాకాలం ఇది ఫాస్ఫోలిపిడ్ల సమస్య అనుకున్నారు. తర్వాత తెలిసింది, ఆ కణాలు ముందుగా కొలెస్ట్రాల్‌ను బయటికి పంపలేక ఉబ్బిపోతాయని, అది అడ్డుపడ్డాకే మిగతా కొవ్వులూ పేరుకుంటాయని. 2018లో స్టాటిన్ వాడిన కొందరు రోగుల్లో మెరుగుదల కనిపించినట్టు వైద్యులు ప్రచురించారు. స్టాటిన్ ఊపిరితిత్తుల మందు అని దీంతో అందరికీ రాయడానికి వీల్లేదు. అది పనిచేసింది కొలెస్ట్రాల్ ఎగుమతి చెడిన ఒక్క చోట. పెద్దవారి తీవ్ర శ్వాసకోశ వైఫల్యంలో సర్ఫాక్టెంట్ పోసిన పెద్ద పరీక్షలు మరణాలు తగ్గించలేకపోవడమూ ఇక్కడ గుర్తుంచుకోవాలి. కారుతూనే ఉన్న ఊపిరితిత్తిలో ఎంత కొత్త పూత పోసినా, లోపలికి వచ్చే ప్రోటీన్లూ కొలెస్ట్రాలూ దాని పాళ్లను మళ్లీ చెడగొడతాయి.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈ విషయాన్ని పుస్తకంలో చదివే విద్యార్థి చేతికందేంత దగ్గరలో ఒక పరీక్ష ఉంది. సర్ఫాక్టెంట్ కణంలో పొట్లాల్లా చుట్టి ఉంటుంది, వాటిని లామెల్లార్ బాడీలు అంటారు. వాటి పరిమాణం రక్తఫలకికల పరిమాణానికి దగ్గర. అందుకని ఉమ్మనీటిని, లేదా పుట్టిన వెంటనే శిశువు పొట్ట నుంచి తీసిన ద్రవాన్ని, మామూలు రక్తకణాల లెక్కింపు యంత్రంలో పెట్టినా ఫలకికల గడిలో వీటి సంఖ్య కనిపిస్తుంది. లూయిస్ గ్లక్ 1971లో తెచ్చిన లెసిథిన్, స్ఫింగోమయలిన్ నిష్పత్తి పరీక్ష కంటే ఇది చవక, త్వరితం. పూత ఎంతుందో మాత్రమే ఇది చెబుతుంది. ఆ పూతలో కొలెస్ట్రాల్ ఎన్ని పాళ్లో, ఫాస్ఫోలిపిడ్లు ఎంత చెడాయో తెలియాలంటే కొవ్వులను విడదీసి తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి, అది జిల్లా ఆసుపత్రిలో ఉండే యంత్రం కాదు. బీడీ తాగే మనిషి ఊపిరితిత్తి కడిగిన ద్రవాన్నీ, ముట్టని అదే వయసు మనిషి ద్రవాన్నీ అలాంటి యంత్రంలో పక్కపక్కన పెడితే, ఫాస్ఫోలిపిడ్లలో ఎంత చెడిందో చూశాకే కొలెస్ట్రాల్ అంకె చదవాలి. రెండో అంకెను ఒంటరిగా చదివితే, మామూలు పాళ్లలో ఉన్న కొలెస్ట్రాల్ నిర్దోషిలానే కనిపిస్తుంది.